ఆయుధపూజ చేసిన లాప్‌టాప్

అమ్మ పోయాక నాకు ఒకటే కల. చిక్కడపల్లి మొత్తం నీళ్లలో ఉంటుంది. వరద కాదు, అడుగు కనిపించేంత తేటనీళ్లు. ఆటోలు చప్పుడు లేకుండా తేలిపోతుంటాయి. కూరగాయల సంచీ పట్టుకుని అమ్మ ఆ నీళ్లలో నాకేసి నడిచొస్తుంటుంది. దగ్గరికి వచ్చేలోగా మెలకువ వచ్చేస్తుంది. ఈమధ్య ఆ కల రావడం తగ్గింది. వచ్చినా అమ్మ నడక మసగ్గా ఉంటోంది. ఆవిడది కాస్త ఓ పక్కకి ఒరిగే నడక. అది కూడా మరిచిపోతానేమోనని భయం పట్టుకుంది.

నేను బొమ్మలు వేసి బతికే మనిషిని. ఆ కలని కదిలే బొమ్మగా చేద్దామని కూర్చున్నాను. నీళ్లు అనేసరికి నా పాత కంప్యూటర్ మొరాయించింది. అమ్మ నిలబడి కనిపిస్తుందే తప్ప అడుగు వేయదు. గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ లాప్‌టాప్ కావాలి, ఎవరో వాడి అమ్మేసేదైనా సరే. అందులో లినక్స్ నడవాలి. సోర్సు కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సిస్టమ్ అది, నా బొమ్మల ప్రోగ్రాములన్నీ దాంట్లోనే ఉన్నాయి. లాప్‌టాప్‌లో ఉన్నది ఏదీ చెరపకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. చూడనిస్తేనే కొంటానని తీర్మానించుకున్నాను.

నారాయణగూడలో పాత కంప్యూటర్లు అమ్మే దుకాణంలో ఆ మాట అనగానే దుకాణం అతను "వైరస్ ఎక్కుతది మేడమ్" అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు. ఒళ్లు మండిపోయింది. "అయితే అద్దాల బీరువాలో పెట్టుకుని చూసుకోండి" అని బయటికొచ్చేశాను.

అశోక్ నగర్ హాస్టల్లో గ్రూప్స్‌కి చదువుతున్న ఒకతను తనది అమ్ముతున్నాడని తెలిసి వెళ్లాను. మబ్బుపట్టిన మధ్యాహ్నం. వరండాలో కుర్చీ వేశాడు.

"అబద్ధం ఎందుకక్కా, జరసేపు నడిస్తే కాలిపోతది, బంద్ అయితది. గందుకే అమ్ముతున్న. లేకుంటే నాకు పానం లెక్క ఇది."

లినక్స్, నా బొమ్మ రెండూ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టాను. కీబోర్డు కింద ఎరుపు, నీలం, ఆకుపచ్చ వెలుగులు మెల్లగా పాకుతున్నాయి. వాటినే చూస్తూ నా నీళ్లలోకి నేను వెళ్లిపోయాను. ఇంతలో ఫ్యాన్ గుర్రుమంది, తెర ఆరిపోయింది. ఉసూరుమంటూ లాప్‌టాప్‌ని వెనక్కి తిప్పాను. వేడిగాలి బయటికి పోయే కన్నాల నిండా పసుపూ కుంకుమా, అట్టలు కట్టి.

"ఏంటయ్యా ఇది?"

"దసరాకు ఊరికి తీస్కపోత కదక్కా, అమ్మ ఆయుధపూజల పెడతది. దీని మొఖం ఎటుందో ఆమెకు తెల్వది. పోయినేటి బొట్టు మీదనే మళ్ల పెడతది. నేను గూడ ఎన్నడు తుడవలేదు."

నవ్వు ఆగలేదు. అతనూ నవ్వాడు. పాత టూత్‌బ్రష్ అడిగి తీసుకుని మెల్లగా దులిపాను. మళ్లీ ఆన్ చేస్తే ఈసారి ఫ్యాన్ చల్లగా, ఎవరో నిద్రపోతున్నట్టు తిరిగింది. అతను దాని వీపు మీద చెయ్యి పెట్టి చూసి, నా వంక చూడకుండా అన్నాడు.

"మంచిగైంది కదక్కా. ఇగ దీన్ని అమ్మను."

నా తెలివి తగలెయ్య! నవ్వుతూ కూర్చుని చేజేతులా పోగొట్టుకున్నాను. కోపం కంటే ఏడుపే ముందొచ్చింది. "పోనీ, నా బొమ్మ ఒక్కసారి నడిపి చూసుకుని వెళ్తాను" అన్నాను. సరేనన్నాడు.

నీళ్లు కదిలాయి. ఆటో ఒకటి తేలుతూ పక్కకి తప్పుకుంది. అమ్మ సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఓ పక్కకి ఒరిగి, అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. అదే నడక. కలలో కూడా అంత స్పష్టంగా లేదు. నా చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి.

"ఎవరక్కా?"

"మా అమ్మ. లేదిప్పుడు."

అతను లేచి, గోడవైపు తిరిగి ఫోన్ చేశాడు.

"అమ్మా, తిన్నవా?... ఏం లేదే, ఉత్తగనే చేసిన."

ఆ మాట విన్నాక లాప్‌టాప్ మళ్లీ అడగబుద్ధి కాలేదు. పెన్‌డ్రైవ్ తియ్యబోయాను. అతను ఫోన్ చెవి దగ్గర అలాగే పట్టుకుని, వద్దన్నట్టు తల ఊపి, చార్జర్ చుట్టి, తీసుకెళ్లమన్నట్టు నావైపు జరిపాడు.