డబ్బాకు చెవులెక్కువైన ఎండాకాలం

కేసముద్రంలో మా ఇంటి గూట్లో అగ్గిపెట్టెంత డబ్బా ఒకటుంది. గాలిలో తిరిగే చిన్న చిన్న రేడియో పలుకులను విని, ఇంటి వైఫై మీదుగా నా ఫోన్‌కు చేరవేయడం దాని పని. దాన్ని కూర్చింది నేనే. లోపలి చిప్‌కు మెమరీ పిచ్చుక కడుపంత. అందులో చెరువు పడుతుందని ఊరంతా చెప్పుకున్నాను. నా మాటల్లో సగం నిజమని ఊరికి తెలుసు. ఏ సగమో తెలియదు.

పెట్టింది మాత్రం అక్క కోసం. యాసంగి పంట మక్కలను, అంటే మొక్కజొన్న గింజలను, మార్కెట్‌కు తోలేముందు ఆమె మా డాబా మీదే ఆరబోస్తుంది. పంటంతా అక్కడే పచ్చగా పరుచుకుని ఉంటుంది. తడిస్తే కొనేవాడుండడు. అందుకని పిట్టగోడ మీద వాన పలక బిగించాను. చినుకు తగలగానే అది ఒక్కసారి పలుకుతుంది, ఒక్కసారే. డబ్బా విని ఫోన్ మోగిస్తుంది.

"జర కన్ను మూస్త తమ్మీ. లేపుతదా నీ డబ్బా?" అంది అక్క.

"మబ్బుకన్న ముందే లేపుతది. నువ్వు పండు."

ఆ మధ్యాహ్నాలు నీళ్లలో మునిగినట్టుండేవి. వేడెక్కిన గింజల వాసన మెట్లు దిగి వచ్చేది. దూరంగా గూడ్సు బండి ఎంతసేపు పోయినా అయిపోయేది కాదు. నేను గూటి కింద పడుకుని, డబ్బా ఏం వింటోందో ఫోన్‌లో చూస్తుండేవాణ్ణి. అలా ఒక రోజు తెలిసింది, కొత్త బండ్ల చక్రాలు కూడా మాట్లాడతాయని. టైరు లోపలి బిళ్ల గాలి ఎంతుందో రేడియోలో చెబుతూ పోతుంది. ఇక ఆగుతానా? వాటిని వినడం కూడా డబ్బాకు నేర్పాను.

మా ఎదుటి చాయ్ హోటల్ దగ్గర బండి ఆగితే, ఫోన్ ఓరగా చూసి, కళ్లు మూసి, "అన్నా, నీ టైరొకటి గాలి తగ్గింది" అనేవాణ్ణి. డ్రైవరు దిగి టైరును కాలితో తన్ని చూసి నోరు తెరిచేవాడు.

"ఎట్ల తెలిసిందే నీకు?"

"మా తాత గంగారం అడవిల పులి అడుగు చూసి దాని వయసు చెప్పెటోడు. గది మా రక్తంలనే ఉన్నది."

మార్కెట్ ముమ్మరంగా ఉన్న ఒక రోజు బండి వెనక బండి. చక్రాల మాటలతో పిచ్చుక కడుపు నిండిపోయింది. డబ్బా ఉక్కిరిబిక్కిరై, ఆగి, తనంతట తాను మళ్లీ మొదలైంది. మధ్యలో అరనిమిషం చెవుడు. చినుకు పడింది సరిగ్గా అప్పుడే. పలక పలికింది, వినే చెవి లేదు.

వాన చప్పుడుకు నేను లేచి పైకి ఉరికేసరికి అక్క ఒక్కతే మక్కల మీదికి టార్పాలిన్ పరదా లాగుతోంది. ఇద్దరం కప్పేలోపు సగం మక్కలు తడిశాయి. తడిసిన గింజలు మెరుస్తూ ఎంతో అందంగా ఉన్నాయి. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

"ఫోన్ ఎందుకు మోగలే?"

అబద్ధం నోటిదాకా రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"నీకు నోరెక్కువ, నీ డబ్బాకు చెవులెక్కువ," అంది అక్క, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

తడిసిన వాటిలో కొన్ని మళ్లీ ఆరాయి. బూజు పట్టినవి కోళ్లకు పోయాయి. చక్రాల పాఠమంతా నేను ఆ రోజే చెరిపేశాను. ఇప్పుడు డబ్బాకు వాన తప్ప ఏదీ వినపడదు. డ్రైవర్లు ఇంకా వస్తారు.

"నా బండి జర చూడరాదే."

"పంచర్ దుకాణంల మీటరుంటది, పో."

నాకు గర్వం పెరిగిందంటున్నారట.

అక్క ఇప్పటికీ డాబా మీదే ఆరబోస్తుంది. నడుం వాల్చేముందు చెంబులో వేళ్లు ముంచి పలక మీద నాలుగు చుక్కలు చిలకరిస్తుంది. కింద నా ఫోన్ మోగుతుంది.

"ఆఁ, ఉన్నవా," అంటుంది పలకతో. కొంగుతో దాన్ని తుడిచి, అప్పుడు పడుకుంటుంది.