నల్లా గురించి నేను చెప్పిన వార్త

ఆ రోజుల్లో సర్కారు ఛానెల్ వార్తలను మేం నవ్వుకోవడానికే చూసేవాళ్లం. నాచారంలో మందుల ఫ్యాక్టరీ పని, ఉప్పల్‌లో ఇద్దరికి ఒకే గది, కేబుల్ లేని టీవీ. "కష్టాల్లేని మనుషులు గీ వార్తల్లనే ఉంటర్రా" అనేవాడు నాతో ఉండే బక్కన్న. అంత తెలివైనవాళ్లం. ఆ తెలివితో నేనేం చేశానో ఇంటి ఓనరు పెద్దమ్మకు మాత్రం అప్పుడు చెప్పలేదు. (మొహమాటమని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి భయం.)

మా గల్లీలో నల్లాలు పెట్టి ఏడాదైనా గాలి తప్ప నీళ్లు రాలేదు. పెద్దమ్మ ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్లాడుతూనే, గల్లీ మొత్తం సంతకాలతో నీళ్ల ఆఫీసులో అర్జీ పెట్టింది. ఆ వారమే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ ఛానెల్ వాళ్లు నన్ను ఆపి, ఎక్కడుంటావో అడిగి, "ఉప్పల్‌లో నీళ్లు బాగా వస్తున్నాయా?" అని మైకు పెట్టారు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా, ఎవరైనా 'బాగున్నారా' అంటే 'బాగున్నాం' అంటాం చూడండి, అలాగే అనేశాను: "చాలా బాగా వస్తున్నాయండీ, ఏ ఇబ్బందీ లేదు." ఎవరూ నేర్పలేదు. ఎవరూ బెదిరించలేదు. ఎందుకన్నానో ఇప్పటికీ అర్థం కాదు.

సాయంత్రం మా గదిలో వార్తలు చూస్తూ ఆ మాట వినగానే పెద్దమ్మ లేచి వెళ్లి నల్లా తిప్పింది. (వార్తలను వెక్కిరించే బక్కన్న బకెట్ పట్టుకుని వెనకే పరుగెత్తాడు.) నల్లా బుస్సుమని ఊరుకుంది. వచ్చి నా ముఖం చూసింది.

"గా టీవీల నువ్వేనారా?"

"మొఖం నాదే పెద్దమ్మా."

"గట్లనా. అంటే మాటలు మార్చిన్రన్నట్టు."

నేను ఔననలేదు, కాదనలేదు. మర్నాడు నన్ను సాక్షిగా ఆఫీసుకు తీసుకెళ్లింది. ఆఫీసరు నన్ను చూడగానే, "నిన్న టీవీలో నీళ్లొస్తున్నాయన్నది ఈ అబ్బాయే కదమ్మా" అంటూ అర్జీ పక్కన పడేశాడు. "మా పిలగాడు సిద్దిపేట దిక్కోడు సారూ, 'అండీ' అంటడా? ఎవరి గొంతో తెచ్చి అతికిచ్చిన్రు. మీరంత ఒక్కటే" అని పెద్దమ్మ ఆయన్ను ఏడు తరాలు కలిపి తిట్టింది. "చెప్పరా" అంది. నేను తల గోక్కున్నాను. ఆ ఎండాకాలమంతా ట్యాంకరే దిక్కయింది. బక్కన్న నన్ను సర్కారు చేతిలో మోసపోయినవాడిలా చూసి చాయ్‌లు తాగించాడు. నాలుగు చాయ్‌లయ్యేసరికి నిజంగానే గొంతు మార్చారేమోనని నాకే అనుమానం పట్టుకుంది.

తెలంగాణ వచ్చిన ఏడాది పెద్దమ్మను చూడబోయి, చివరికి చెప్పేశాను. "వాళ్లేం మార్చలే పెద్దమ్మా. నేనే అన్న. నా వల్ల ఒక ఎండాకాలం ఎక్కువ బిందెలు మోసినవ్. తప్పయింది."



"బిందెలు పోనీరా. పాపం, ఆ సారును నాతోని గన్ని మాటలనిపిస్తివి కదరా."

ఆయన పేరు కూడా మాకు తెలియదు. అందుకని ఆయన వాటా కూడా కలిపి, ఆమెకే ఇంకోసారి తప్పయిందని చెప్పాను.