నీలమ్మ ఢిల్లీ వెళ్లిన శుక్రవారం

కృష్ణయ్య ఎంపీ అయిన నాలుగేళ్లకు గాని అతని భార్య నీలమ్మ ఢిల్లీ ముఖం చూడలేదు. రమ్మనకపోలేదు, రైలు పాసు లేకపోలేదు. అడ్డమంతా బర్రెలే. హైదరాబాదులో వాళ్లుండే గౌలిపురలోనే ఆమె పుట్టింటివాళ్లు తాతల నాటి నుంచి పాలు పోసి బతికినవాళ్లు. ఇంట్లో ఉన్న రెండు బర్రెలూ ఆమె చెయ్యి తగిలితేనే చేపుతాయి; ఇంకొకరు చెంబు పట్టుకుని కూర్చుంటే కాలు విసురుతాయి. 1975 మార్చిలో రెండూ చూడితో ఉండి ఒకేసారి వట్టిపోయాయి. అప్పుడు దొరికింది ఆమెకు తీరిక.

తీరికంటే విశ్రాంతి అనుకునేరు. ఎంపీ అంటే ఢిల్లీలో కూర్చున్న మున్సిపాలిటీ అని గౌలిపుర నమ్మకం. నల్లా రాకపోయినా, రేషన్ కార్డులో పేరు తప్పు పడినా, ఎవరి మేక ఎవరి పెరట్లో దూరినా, తెల్లారేసరికి నీలమ్మ గడప ముందు జనం. "భాయ్ ఎప్పుడొస్తడక్కా?" అని అడిగేవాళ్లు. ఇప్పట్లో రాడంటే ఆమెనే నాలుగు మాటలని పోయేవాళ్లు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత ఆ ఇంటికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఈగలు నిజంగానే ఉన్నాయి. బర్రెలున్న ఇంట్లో లేకుండా ఎక్కడికి పోతాయి?

మరుసటి ఏడు మళ్లీ ఎన్నికలు రావాలి. ఈసారీ నువ్వే నిలబడాలని కార్మిక సంఘం వాళ్లు పట్టుబట్టారు. కృష్ణయ్య వాళ్లకు జవాబు చెప్పకుండా ఇంటికొచ్చి భార్యతో అన్నాడు: "ఒక్కసారి ఢిల్లీ ఒచ్చి సూడు నీలమ్మా. నువ్వు సాలంటే బంద్ జేస్త." చాలనడానికే ఆమె రైలెక్కింది. మనిషి అలిసిపోయింది పాపం, ఆమెను తప్పు పట్టేదెవరు?

కృష్ణయ్య తల్లి ఆగమ్మ మలక్‌పేటలో ఇళ్లు కట్టేచోట మట్టి తట్టలు మోసేది. నెలలు నిండినా మోసింది. ఇటుకల కుప్ప చాటున కొడుకును కని, మూడో రోజుకే మళ్లీ తట్ట ఎత్తుకుంది. కొడుకు బస్సుల వర్క్‌షాపులో ఫిట్టరై, సంఘం పెట్టి, రెండుసార్లు జైలుకు పోయి, చివరికి పార్లమెంటుకు పోయినా ఆ మూడు రోజుల సంగతి మరిచిపోలేదు. తట్ట మోసే ఆడవాళ్లకు కాన్పు సెలవు ఇవ్వాలని తనే ఒక బిల్లు రాసి పెట్టాడు. మంత్రులు కానివాళ్ల బిల్లులకు శుక్రవారం సాయంత్రమే వేళ. అదీ చీటీ తీస్తే పేరు వచ్చినవాళ్లకే. అతని చీటీ రావడానికి మూడేళ్లు పట్టింది.

ఆ శుక్రవారం పార్లమెంటులో, పైన సందర్శకుల బెంచీ మీద నీలమ్మ కాళ్లు ముడుచుకుని కూర్చుంటే, దించమన్నాడు కాపలాదారు. కింద అంత పెద్ద సభలో పాతికమంది లేరు. ఒకాయన కునుకు తీస్తున్నాడు. మంత్రి పక్కాయనతో ఏదో చెప్పి నవ్వుతున్నాడు. కృష్ణయ్య మాత్రం డిపో గేటు ముందు వెయ్యిమందికి చెప్పినట్టే, తన హైదరాబాదీ ఉర్దూలో గొంతెత్తి మాట్లాడుతున్నాడు. నీలమ్మకు అతని మీద జాలి కలిగింది. వాళ్ల మీద ఒళ్లు మండింది. మా అమ్మ నన్ను కని మూడో రోజున, అని అతను అంటుండగానే ఎవరో లేచి, సభ నడవడానికి చాలినంతమంది లేరన్నారు. బయట ఉన్న సభ్యులను పిలిచే గంట మోగింది. ఆ మోతకు కునుకు తీసే ఆయన లేచాడు గాని, కొత్తగా వచ్చింది ముగ్గురే. సభ వాయిదా పడింది.

బయట వరండాలో కృష్ణయ్య కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సూసినవ్ గద. ఇగ చెప్పు," అన్నాడు.

అతనూ చాలనే మాట కోసమే చూస్తున్నాడని ఆమెకు తెలిసిపోయింది. దారి పొడుగునా సిద్ధం చేసుకున్న ఆ మాట నోటిదాకా వచ్చింది.

"అత్తమ్మ తట్ట ఎత్తుకున్నదన్న ముచ్చట చెప్పనే లేదు గదయ్యా," అంది. "మిగిలింది ఎప్పుడు చెప్తవ్?"

"మళ్ల చీటి రావాలె. ఎన్నికల్లోపల రాదు."

నీలమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది.

"అయితే నిలబడు," అంది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.