ఈల వేస్తే వానొస్తాదా?

రైలు నౌపడ దాటుతుంటే ఉప్పు మడుల వాసన కిటికీలోంచి వచ్చింది. నా కొత్త వ్యాసాల పుస్తకం ఒళ్లో ఉంది. పెదాలు మాత్రం ఈల వేయడానికి వాటంతటవే సిద్ధమయ్యాయి.

మా నాన్న ఆ మడుల్లోనే ఉప్పు తీసేవాడు. నా చిన్నప్పుడు ఒక వేసవిలో కాని కాలపు వాన పడి ఉప్పు కుప్పలు కరిగిపోయాయి.

"ఒసే, మడిలో ఈలేసినావు కదే! ఆడపిల్ల ఈలేస్తే వానొస్తాదని సెప్పలేదేటి?" అని నాన్నమ్మ అందరి ముందూ నన్ను దోషిని చేసింది. నేనూ నమ్మేశాను, ఏడ్చాను.

ఆ ఏడు ఆషాఢంలో చినుకు లేదు. మావయ్య వరినారు వాడిపోతోంది. వానను పిలిచే విద్య నాకుందిగా! పొలం గట్టెక్కి పెదాలు నొప్పెట్టేదాకా ఈల వేశాను. ఆకాశం కదల్లేదు.

"ఆగిపోనావేటే? ఇంకా గట్టిగా ఎయ్యి!" అంది వెంట వచ్చిన నాన్నమ్మ.

"నా ఈలకి వాన రాదే నాన్నమ్మా! ఉప్పు కరిగించినాది నేను కాదు!" అని గంతులేశాను. అంత దిగుల్లోనూ నారు దగ్గరున్న మావయ్య పకపకా నవ్వాడు.

ఆ తర్వాత ఎన్నో సభల్లో వాదించి గెలిచాను. ఏ నమ్మకం ఎదురైనా ముందు దాన్ని పరీక్షకు ఆ గట్టు మీదికే తీసుకెళ్లాను.

రైలు పెట్టెలో అందరూ తిరిగి చూసేలా ఈల వేశాను. ఉప్పు మడుల మీద ఎండ కాస్తూనే ఉంది.