సున్నం తెలిసిన చేతులు

హ్యూస్టన్ మ్యూజియంలో, మూడువేల ఏళ్ళ కిందట మెక్సికోలో ఒల్మెక్‌లు చెక్కిన మనిషంతటి రాతి తలకు నమూనా చూసి, బయట బెంచీ మీద కూలబడ్డాను. పక్కనున్న మెక్సికో పెద్దావిడ మొక్కజొన్న పొత్తు రేకుల్లో ఉడికించిన కుడుమొకటి నా చేతిలో పెట్టారు. వెన్నలా మెత్తగా ఉంది.

“మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి నానబెడతాం,” అన్నారు.

“సున్నమా! మేం తమలపాకుకి రాసుకుంటాం!” తిండిలో సున్నం వాడే తెలివి మా ఒక్కళ్ళదే అనుకునేదాన్ని.

“లోపల నమూనా పెట్టిన ఆ రాతి తలలు చెక్కినవాళ్ళ పేర్లు తెలియవట, ఆంటీ,” అన్నాను, అలవాటు కొద్దీ అలా పిలిచేసి.

ఆవిడ నిటారుగా కూర్చున్నారు.

“అవి దొరికింది మా వైపే. పేర్లు పోతే పోయాయి. వాళ్ళకి వండిపెట్టిన చేతులు పోలేదు,” అంటూ, సున్నానికి గరుకెక్కిన వేళ్ళు చూపించారు.