గుంటలోకి దిగిన మా మావయ్య

మా మేనమామ పోయారని పోయిన ఆదివారం ద్రాక్షారామం నుంచి కార్డు వచ్చింది. చావు కబురు తెచ్చిన కార్డుని గడప లోపలికి తేకూడదు, చదవగానే చింపెయ్యాలి అంటారు. వీధి అరుగు మీద నిలబడి మూడుసార్లు చదివాను. చింపడానికి చెయ్యి రాలేదు. నీళ్ళు తోడానని మా ఇంటావిడ రెండుసార్లు పిలిచాక అప్పుడు చింపాను. నియమం అంటే ఆయనకి నియమమే, తన చావు కబురుకి మినహాయింపు అడిగే మనిషి కాదు. తల మీద నీళ్ళు పోసుకుంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఆయన లోకల్ ఫండు ఆడిటరుగా చేశారు. ఆ ఉద్యోగం ఏంటో మా వీధిలో సగం మందికి ఈనాటికీ తెలియదు. తాలూకా బోర్డులు వేసే రోడ్లు, కట్టే సత్రాలు, తవ్వించే నూతులు కాగితం మీద ఉన్నట్టే నేల మీద ఉన్నాయో లేవో చూసి పైవాళ్ళకి రాయడం. లేవేమోనని అనుమానం తగిలితే అదీ రాయడం. మొదటి పని అందరూ చేస్తారు. రెండో పని దగ్గరికి వచ్చేసరికి చాలామంది కలానికి సిరా అయిపోతుంది.

మా తాతగారికి రాజమండ్రిలో బియ్యం కొట్టు ఉండేది. బండి రాగానే ఒక ఇనప గొట్టం తీసుకుని గోనె నడిమికి గుచ్చి, అక్కడి గింజ లాగి చూసేవారట. పైన సన్నబియ్యం పోసి నడుమ నూకలు దాచే మొనగాళ్ళు అప్పుడూ ఉన్నారు. మావయ్య ఆ కొట్లోనే పెరిగారు. "మూతి చూసి గోనె కొనకురా" అనేది ఆయన నోట ఎప్పుడూ ఆడే మాట. నాకు పిల్లని చూడ్డానికి వెళ్ళినప్పుడూ అదే అన్నారు, మా అమ్మ చీవాట్లు పెట్టింది.

తనిఖీకి పడవ మీద బయల్దేరితే వెంట మరచెంబుతో మంచినీళ్ళు, తువ్వాల్లో అటుకులు, బెల్లం. ఆ ఊళ్ళో పని అయ్యేదాకా ఎవరింట్లోనూ పచ్చి మంచినీళ్ళు ముట్టరు. మజ్జిగైనా పుచ్చుకోమని బతిమాలితే, "తాగితే బాగుందని చెప్పాలి కదండీ. అక్కడ మొదలెడితే మరి ఆపడం కష్టం" అని నవ్వేవారు. అనుమానం గురించి ఒక మాట అనేవారు. "అది పచ్చి చేపలాంటిదిరా. దొరికిన రోజే పైవాళ్ళకి చేర్చాలి. దాచుకుంటే మనమే కంపు కొడతాం." జన్మలో చేప ముట్టని కోమటి ఈ మాట అంటుంటే నాకు పకాలున నవ్వొచ్చేది. తర్వాత ఆ నవ్వు నాకు బాగా ఖరీదైంది.

అప్పట్లో నేను తాలూకా బోర్డులో ఓవర్సీరుని. కాలవ రేవు నుంచి సముద్రపొడ్డున ఉన్న ఒక జాలరి పల్లెకి బోర్డువారు కట్ట వేయిస్తున్నారు. పొంగు వస్తే ఆ పల్లె వాళ్ళు ఎక్కి నిలబడ్డానికి మరో మెరక లేదు. అందుకని మనిషెత్తు మీద మరో మూరెడు ఉండాలని కాగితంలో రాశారు. మొదటి సగం అంతకుముందు ఏడాదే అయింది. రెండో సగం కొలిచి, కొలతల పుస్తకంలో సంతకం పెట్టింది నేను.

కొలిచిన తీరు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది, అయినా చెబుతాను. కొత్త మట్టి వానలకి కుంగుతుంది కాబట్టి కట్టని కొలవరు, మట్టి తీసిన గుంటల్ని కొలుస్తారు. ప్రతి గుంట నడుమా తవ్వకుండా ఒక దిబ్బ వదులుతారు. దాన్ని సాక్షి దిబ్బ అంటారు. దాని నెత్తి మీద పాత నేల, పాత గరిక అలాగే ఉంటాయి. దిబ్బ ఎంత ఎత్తుంటే అంత లోతు తవ్వినట్టు. నేను గుంటలోకి దిగి చూడాలి. ఆ ముందు వారమే రాజమండ్రిలో బూట్లు కొనుక్కున్నాను, కిర్రుకిర్రుమని చప్పుడు చేసేవి. గుంటలో మోకాలి లోతు బురద. కంట్రాక్టరు మనిషి దిగి కొలిచి అంకెలు అరిచాడు, నేను గట్టు మీద నిలబడి రాసుకున్నాను. ఆ మధ్యాహ్నం కంట్రాక్టరు గారింట్లోనే భోజనం, పూతరేకులు కూడా వేశారు. తిన్నానండీ, నాలుగు తిన్నాను.

నెల తిరక్కుండా మావయ్య తనిఖీకి వచ్చారు. కంట్రాక్టరు గారూ నేనూ వెంట ఉన్నాం, కట్టకి ఇవతల కాలవ గట్టు మీద నడుస్తున్నాం. అవతలి పక్క కింది బాటన ఒక చేపల ముసలమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని కేకేసుకుంటూ వెళ్తోంది. కాగితం ప్రకారం మాకు ఆమె బుట్ట అంచు తప్ప మరేమీ కనపడకూడదు. బుట్ట కనపడింది, దాని కింద మొహం కనపడింది, ముక్కుపుడక కూడా కనపడింది. మావయ్య ఆగిపోయారు. వానలకి కుంగిందండి, గుంటలు చూసుకోండి, సాక్షి దిబ్బలు ఉన్నాయి కదా అన్నారు కంట్రాక్టరు గారు, ధీమాగానే.

మావయ్య చెప్పులు విడిచి, పంచె పైకి దోపుకుని గుంటలోకి దిగారు. యాభై దాటిన మనిషి, బురదలో ఒకసారి తూలారు. ఒక కూలీని అడిగి పార తీసుకుని, దిబ్బని నెత్తి నుంచి నిలువునా కోశారు. జానెడు కిందికి వచ్చేసరికి గరిక ఉండాల్సిన నెత్తి మీద కాదు, మట్టి మధ్యలో, పసుపుపచ్చగా అణిగిపోయిన గరిక పొర ఒకటి బయటపడింది. అసలు నేల అది. లోతు ఎక్కువ కనపడాలని దాని మీద జానెడు మట్టి వేసి, పైన వేరే చోటి నుంచి గరిక దిమ్మలు తెచ్చి అతికారు. గోనె మూతికి సన్నబియ్యం పోసినట్టే. మావయ్య ఇంకో గుంటలోకి దిగారు. ఆరు గుంటలు దిగి, ఆరు దిబ్బలు కోశారు. అన్నింట్లోనూ అదే పొర.

తర్వాత పైకి చూశారు. పుట్టినప్పటి నుంచి నన్ను "ఒరే" తప్ప మరోలా పిలవని మనిషి.

"ఓవర్సీరు గారూ, మీరు గుంటలోకి దిగి కొలిచారా?"

"లేదండి" అన్నాను. నా జన్మలో ఆయన్ని "అండి" అన్నది అప్పుడే. పార కడిగి కూలీకి ఇచ్చేసి, ఆయన పడవ వైపు నడిచారు.

నాకంటే ముందే కబురు మా అమ్మకి చేరింది. ఆయనకి స్వయానా అక్కగారు, తల్లి పోతే పెంచిన మనిషి. రేవులో పడవ దగ్గరికి వెళ్ళి కొంగు పట్టుకు నిలబడింది. వాడికి ఉద్యోగం పోతే ఎలారా, గట్టిగా రుజువయ్యేదాకా ఆగరాదా అంది. ఆయన ట్రంకు పెట్టె మీద కాగితం పెట్టుకుని రాస్తున్నారట. తలెత్తి, "అక్కయ్యా, వాడు దొంగ అని రాయడం లేదు. కాదనీ రాయలేను. నేను చూసింది రాస్తున్నాను, రుజువు చూసుకోవడం పైవాళ్ళ పని. ఇవాళ ఆగితే రేపు ఆగమనేవాళ్ళు ఇంకా వస్తారు" అన్నారట. ఆ సాయంత్రం టపాలోనే అది వెళ్ళిపోయింది.

నన్ను ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. అయిదు నెలలు మావయ్య ఇంటి వీధిలో అడుగు పెట్టలేదు. సొంత మేనల్లుడి మెడ మీద కత్తి పెట్టి పేరు తెచ్చుకున్నాడని నలుగురిలో అన్నాను కూడా. ఇవాళ ఆ మాట తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

విచారణ రోజున పై అధికారి మావయ్య రాసింది మా ముందే చదివించారు. గరిక సంగతి, గుంటల సంగతి ఎక్కడో కిందుంది. మొదట్లో ఉన్నది ఇది: "ఈ కట్ట మొదటి సగాన్ని నిరుడు తనిఖీ చేసి సరి అన్నవాణ్ణి నేనే. అప్పుడు గుంటల్లోకి దిగలేదు. ఇప్పుడవి నీటితో నిండి ఉన్నాయి, కొలిచే వీలు లేదు. నా సరి అన్న మాటని నమ్మవద్దు. రెండో సగం కొలతల మీద సంతకం నా అక్క కొడుకుది. అందుచేత ఈ కాగితాన్ని కూడా ఊరికే నమ్మక, నాకు సంబంధం లేని వేరొకర్ని పంపి గుంటలు చూపించుకోవాలి."

నీళ్ళు నిండిన ఆ గుంటల్లో ఏముందో దేవుడికి తప్ప తెలియదు. ఆయన నోరు విప్పకపోతే నిరుటి తనిఖీ మచ్చ లేకుండా ఉండిపోయేది. ఎవరూ అడగలేదు, ఎవరూ అనుమానించలేదు. నన్ను గుంట పైన నిలబెట్టే ముందు ఆయన తన్ను తాను గుంటలో నిలబెట్టుకున్నారు. ఇంత మనిషి మా ఇంట్లో, మాతో అటుకులు తింటూ ఎలా తిరిగాడా అని నాకు భయం లాంటిది వేసింది. ఇన్నేళ్ళయినా అది పూర్తిగా పోలేదు.

వేరొకరు వచ్చి గుంటలు చూశారు. కంట్రాక్టరు చేతే కట్ట రెండు సగాలూ మళ్ళీ ఎత్తు చేయించారు. నన్ను ఒక మెట్టు దించి ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఆయనకి రావలసిన పై మెట్టు మరి రాలేదు, ఆ ఊసు ఆయన ఎన్నడూ ఎత్తలేదు. నేను వాళ్ళింటికి వెళ్ళి గుమ్మంలో తల వంచుకుని నిలబడితే, "ఏరా, బూట్లు ఏవీ?" అన్నారు. అమ్మేశానని చెప్పాను. లోపలికి వచ్చి అటుకులు తినమన్నారు. క్షమాపణ అడగడానికి వెళ్ళినవాణ్ణి, అటుకులు తినేసి వచ్చాను.

రెండేళ్ళ తర్వాత తుఫానుకి సముద్రం పల్లె మీదికి వచ్చింది. గుడిసెలు పోయాయి, వలలు పోయాయి, మనుషులందరూ మిగిలారు. నీళ్ళు తీశాక నేను అటు వెళితే ఆ ముసలమ్మే ఎదురైంది. "పిల్లాజెల్లాతో రెండు రోజులు కట్ట మీదే ఉన్నామండి. ఆ రోజు బురదలో దిగినాయన మీ చుట్టమేనా అండి?" అని అడిగింది. అవును, మా మావయ్య అన్నాను. మావయ్యకి ఆ మాట చెబితే, ఎత్తు ఇప్పుడు సరిగ్గా ఉందా, నువ్వే దిగి కొలిచావా అని అడిగారు. దిగానని చెప్పాను. అప్పుడు తలూపారు.

పదో రోజు అయ్యాక నిన్న ఒక్కణ్ణే పడవెక్కి ఆ రేవులో దిగాను. నాడు మేం ముగ్గురం నిలబడిన చోటే నిలబడ్డాను. కట్టంతా గరిక పట్టి పచ్చగా ఉంది. అవతలి పక్క నుంచి కేక వినిపించింది, "రొయ్యలోయ్, సావిడాయిలోయ్" అని. ముసలమ్మ గొంతు కాదు, ఎవరిదో పడుచు గొంతు. మునివేళ్ళ మీద లేచి చూశాను. మొహం కనపడలేదు. బుట్ట అంచు ఒక్కటే, కట్ట మీది గరిక వెంబడి మెల్లిగా పల్లె వైపు సాగిపోయింది.