గొడుగు నిండా తంగేడు

"వానలో ఒక్కరే పార్కుకెందుకు మేడం?" అన్నాడు సిద్దిపేట లాడ్జి మేనేజరు. వెళ్లాలా వద్దా అని ఊగిసలాడుతున్న నేను ఆ మాటతో పంతం పట్టి బయల్దేరాను.

ఊరి చివరి ఆ అడవి పార్కులో ఒక పెద్దావిడ తడుస్తూ తంగేడు పూలు తెంపుతోంది. వాచ్‌మన్ ఈల వేస్తూ పరుగున వచ్చాడు.

"అక్కా, పువ్వు తెంపొద్దని బోర్డుంది, చూడలేదా?"

"చూసిన తమ్మీ. రేపు సద్దుల బతుకమ్మ. మా దిక్కు కంచె భూములన్ని ప్లాట్లు చేసిన్రు. తంగేడు గీడనే మిగిలింది. నన్నేడికి పొమ్మంటవు?"

అతను నా వైపు తిరిగాడు. "మీరన్నా చెప్పున్రి మేడం."

"అమ్మవారికి వేరే పూలు పెట్టకూడదా?" అన్నాను. మాది గోదావరి జిల్లా, నాకు తెలిసింది అంతే.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "అమ్మవారికి పెట్టుడేంది బిడ్డా? గీ పువ్వునే పేర్చి మొక్కుతం. గిదే మా అమ్మ."

మా ఇంట్లో పువ్వు దేవుడి పాదాల దగ్గరిది. పువ్వునే దేవతగా నిలబెట్టే ఊళ్లో బోర్డు మాట ఎవరు వింటారు? ఆవిడ కొంగు నిండి పూలు జారిపోతున్నాయి. నా గొడుగు తిరగేసి ముందుకు చాపాను.

"మీరు గూడనా మేడం!" అన్నాడు వాచ్‌మన్.

"నేను కూడా" అన్నాను.

తలలు తడుపుకుంటూ ఇద్దరం గేటు దాకా వచ్చాం. వెనకే వచ్చిన వాచ్‌మన్ గేటు తీస్తూ గొణిగాడు. "మా ఇంట్ల గూడ పొద్దుగాల్నుంచి తంగేడు తెమ్మంటున్రు."

"మరి పట్టు" అంది ఆవిడ, గొడుగులో చెయ్యి పెట్టి.

అతను ఈల జేబులో వేసుకుని దోసిలి పట్టాడు.